ఇరవై ఆరు జతల చెవులు

బ్లైన్‌కుమ్, లానెర్వన్
1894 మే 17, గురువారం

అత్తయ్యగారికి,

లౌరి రాస్తున్నాను. మేం బాగున్నాం. మారెద్ వదినా పసివాడూ కులాసాగా ఉన్నారని పాస్టరుగారు ఆదివారం మందిరంలో చెప్పారు. అందరూ నా వైపు తిరిగి చూశారు. నాకు సంతోషమూ వేసింది, బెంచీ కింద దూరాలనీ అనిపించింది.

మీరు లివర్‌పూల్ వెళ్ళి పన్నెండు రోజులైంది. ఉత్తరం రాయమన్నారు కదా, ఏం రాయాలో తోచక ఇన్నాళ్ళూ ఆగాను. బళ్ళో నేను చదివింది నాలుగేళ్ళే. తప్పులుంటే మన్నించండి.

వాన తగ్గింది. మొయెల్‌గోచ్ కొండ మూడు రోజులుగా మబ్బులోంచి తల బయటపెట్టి ఉంది. మన వాకిట్లో నిలబడితే కింద ఊళ్ళో పదిహేడు పొగగొట్టాలూ కనిపిస్తున్నాయి. పొద్దున్నే ముందు మిల్లువాళ్ళ పొగ లేస్తుంది, అన్నిటికన్నా చివర కమ్మరిది. నేను ఎవరితోనూ మాట్లాడకపోయినా ఎవరు లేచారో, ఎవరింట్లో పొయ్యి రాజుకోలేదో తెలుస్తూనే ఉంటుంది. నల్లకోడి పొదుగుతోంది. వెన్న బాగా వస్తోంది.

ఒక సంగతి, కంగారు పడకండి. సోమవారం ఆయన రాళ్ళవాలు మీద జారారు. కుడి మణికట్టు బెణికింది. నిన్న కొండ దాటి ఎముకలు కట్టే ఆయన దగ్గరికి వెళ్ళొచ్చారు. విరగలేదట, నెల రోజులు కత్తి మాత్రం పట్టకూడదట. గొర్రెపిల్లలకి ఇంకా మన ఇంటి చెవిగుర్తు పెట్టలేదే అని దారంతా బెంగపడుతూ వచ్చారట. వచ్చేసరికి నేను అన్నిటికీ గుర్తు కోసేసి, తల్లులతో కలిపి కొండ మీదికి తోలేశాను. వంటింట్లో సీసాతో పాలు పడుతున్న తల్లిలేని పిల్లతో కలిపి ఇరవై ఆరు. మన కుక్క మోట్ తప్ప సాయం ఎవరూ లేరు. మా పుట్టింట్లో పదేళ్ళప్పటి నుంచీ చెవులు కోసేది నేనే. నాన్న కత్తి పదునుపెట్టి ఇచ్చేవారు. ఒక్క పిల్ల కూడా రెండోసారి అరవలేదు. ఆయన ఆశ్చర్యపోయి, "ఈ సంగతి అమ్మకి రాయి" అన్నారు. అందుకే రాస్తున్నాను.

ఉన్ని కత్తిరింపు రోజున ఎంతమందికి వండాలి? అప్పటికి మీరు రాలేకపోతే నేనొక్కదాన్నే ఏం చేయను?

మీ కోడలు
లౌరి


లివర్‌పూల్
మే 21

లౌరీ,

నీ ఉత్తరం చేరింది. అక్షరాలు బాగానే ఉన్నాయి. వాక్యాలు మాత్రం కొత్త మనిషిని చూసి తలుపు చాటుకి పోతున్నట్టున్నాయి. కాస్త బయటికి రానివ్వు.

ఇక్కడ కిటికీ తెరిస్తే ఎదురింటి కిటికీ. అది తెరిస్తే ఇంకో కిటికీ ఉంటుంది కాబోలు. కొండ అన్నది ఎటు చూసినా లేదు. పాలు నీలంగా ఉంటాయి. మారెద్ ఇంకా లేవలేకపోతోంది కాబట్టి జూన్ అంతా నేను కదలను. కత్తిరింపు నీ చేతుల మీదుగానే జరగాలి. మన రోజు నీకు తెలుసుగా, జూన్ ఇరవై ఒకటి. ఎవరినీ పిలవక్కర్లేదు. తాతల నాటి నుంచీ ఆ రోజు మనది, ఎవరి కత్తెర వాళ్ళు పట్టుకుని వచ్చేస్తారు. ముప్పై ఎనిమిది మంది. రెండు పంక్తులు. చల్లారిన గొడ్డుమాంసం, బంగాళాదుంపలు, ఆఖర్న బియ్యం పాయసం. పాయసం పలచనైతే పదేళ్ళు చెప్పుకుంటారు.

హవోద్‌లస్ వాళ్ళని లెక్కలో వేయకు. పక్క పొలమే కదా ఎందుకు రారని అడుగుతావేమో, మీ ఆయన ఇవోర్‌ని అడిగితే వాడు చెప్పడు, నేనే చెబుతాను. మీ మామగారు చనిపోయిన ఏడు, వాన వచ్చేలా ఉందని కత్తిరింపు ఒక రోజు ముందుకు జరిపాను. అప్పటి కమ్మరి ఓవెన్‌ని ఇంటింటికీ పంపి కబురు పెట్టాను. అందరూ వచ్చారు. హవోద్‌లస్ కడ్వాలదర్ ఒక్కడే రాలేదు. మీ మామగారితో ముప్పై ఏళ్ళు ఒకే బల్ల మీద కూర్చుని ఉన్ని కత్తిరించిన మనిషి! మగదిక్కు లేని ఇంటికి కత్తెర పట్టుకు రావడానికి మనసొప్పలేదు కాబోలు. ఆ తర్వాతి ఏడూ రాలేదు. పదకొండేళ్ళు. మందిరంలో సంఘపెద్దగా ముందు వరసలో కూర్చుని కీర్తన ఎత్తుకుంటాడు. నేను రెండో చరణం నుంచే పాడతాను.

చెవులు నువ్వే కోశావన్నావు. మంచిది. ఊళ్ళో ఎవరితోనైనా మాట్లాడుతున్నావా?

షోనెడ్


బ్లైన్‌కుమ్
మే 25

అత్తయ్యగారికి,

ఈ ఉత్తరం తొందరలో రాస్తున్నాను. పోస్టుమాన్ హ్యూ గుమ్మంలో మజ్జిగ తాగుతున్నాడు. వారం నుంచీ రాద్దామనుకుంటూ కాగితం తీసి మళ్ళీ పెట్టేస్తున్నాను. ఇవాళ హ్యూ, "అమ్మాయీ, లోటాలో మజ్జిగ ఉన్నంతసేపు ఆగుతాను, ఆ తర్వాత రాణిగారు రాసినా ఆగను" అన్నాడు.

గొర్రెపిల్లల చెవుల గురించి ఒక మాట చెప్పాలి. కొండ మీద మన తల్లిగొర్రెల వెనక తిరిగే పిల్లలన్నిటికీ హవోద్‌లస్ గుర్తు ఉంది. మన గుర్తు ఒక్కదానికీ లేదు. నేను కళ్ళారా చూశాను. ఆయనా చూశారు. అది ఎవరి పనో కూడా తెలుసు. రాయాలంటే చెయ్యి రావడం లేదు. మీకు ఎంత కోపం వస్తుందో తలుచుకుంటేనే భయంగా ఉంది.

అసలు జరిగిందేమిటంటే

లోటా ఖాళీ అయింది. మళ్ళీ రాస్తాను.

లౌరి


లివర్‌పూల్
మే 28

లౌరీ, నా తల్లీ,

నాకు తెలుసు! పదకొండేళ్ళుగా తెలుసు! ఆ మనిషి మొహంలోనే ఉంది! మన ఇంట్లో మగవాడి చెయ్యి బెణికిందని విన్నాడు, నేను ఊళ్ళో లేనని విన్నాడు, నువ్వు తోలిన పిల్లల్ని పట్టుకుని మన కోత మీద తన కోత కోశాడు. తల్లి చెవి ఒక ఇంటిదీ పిల్ల చెవి ఇంకో ఇంటిదీ అయితే దాన్ని దొంగతనం అనకపోతే ఏమంటారు? మా తాతల కాలంలో అయితే ఓడ ఎక్కించి దేశం దాటించేసేవాళ్ళు.

పాపం, ఎవరి పనో తెలిసీ పేరు రాయడానికి నీకు చెయ్యి రాలేదు. నీ మనసు అలాంటిది. నీకు నోరు లేదని పెళ్ళయిన కొత్తలో నేను ఇవోర్ దగ్గర అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీకు కళ్ళున్నాయి, అది చాలు. ఆదివారం మన లివర్‌పూల్ మందిరంలో టీ తాగేటప్పుడు నీ ఉత్తరం పైకి చదివాను. పదహారు మంది ఆడవాళ్ళున్నారు, ఒక్కరూ కప్పు ఎత్తలేదు. "ఎంత తెలివైన కోడలు" అన్నారు. "అవును" అన్నాను.

ఇప్పుడు విను. జూన్ ఇరవై ఒకటిన గొర్రెలన్నీ దొడ్లోకి దిగాక, అందరూ చూస్తుండగా ఇవోర్ ఒక పిల్లని పట్టుకుని చెవులు పైకెత్తి, "ఇది ఎవరిది?" అని అడగాలి. అంతే. మిగతాది ఆ చెవులే చెబుతాయి.

వెన్న తింటున్నావా? తిను. నాకోసం దాచకు.

నీ అత్తయ్య
షోనెడ్


బ్లైన్‌కుమ్
జూన్ 1

అత్తయ్యా,

ఈ ఉత్తరం పూర్తిచేసేదాకా లేవకూడదని మజ్జిగ కుండ హ్యూ ముందు పెట్టేశాను.

మీరు నన్ను నా తల్లీ అన్నారు. ఆ మాట చదివి చాలాసేపు ఏడ్చాను. ఆ మాటకి నేను తగను. దొంగ ఎవరూ లేరు. ఆ చెవులు కోసింది నేనే.

మన బ్లైన్‌కుమ్ గుర్తు ఎడమ చెవి కొన కోత, కుడి చెవి కింద గాటు. హవోద్‌లస్ గుర్తు కుడి చెవి కొన చీలిక, ఎడమ చెవి మీద గాటు. మా పుట్టింటి గుర్తు కూడా అచ్చంగా అదే. మూడు లోయల అవతల కొండ కాబట్టి ఆ మందా ఈ మందా ఎప్పుడూ కలవవు, ఎవరికీ ఇబ్బంది లేదు. నేను పెళ్ళి చేసుకుని ఇటు రావడంతో ఇబ్బంది వచ్చింది.

ఆ రోజు ఎండగా ఉంది. పిల్లల్ని ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టుకుని కోస్తున్నాను. మా ఇంట్లో ఇప్పుడు ఎవరు కోస్తున్నారో అనుకున్నాను. నాన్నకి చూపు ఆనదు, తమ్ముడికి తొందరెక్కువ. అలా అనుకుంటూ ఉంటే చెయ్యి కూడా అక్కడికే వెళ్ళిపోయింది. రెండు రోజుల తర్వాత వంటింట్లో పాలసీసా పిల్లకి పాలు పడుతూ దాని చెవులు చూశాను. సీసా చేతిలోంచి జారిపోయింది.

ఆయనకి చూపించాను. ముందు నవ్వారు. ఆ తర్వాత నవ్వు ఆపి మెట్టు మీద కూర్చున్నారు. "మళ్ళీ కోయకూడదా?" అన్నాను. "కోత మీద కోత ఉన్న చెవిని ఈ కొండ మీద ఏమంటారో తెలుసా? దొంగచెవి అంటారు. ఎవరు కోసినా అదే పేరు" అన్నారు. "మరి హవోద్‌లస్ వెళ్ళి చెప్పేద్దాం" అన్నాను. "ఆ గుమ్మం నేను తొక్కితే అమ్మ మన గుమ్మం తొక్కదు" అన్నారు.

ఇరవై ఒకటిన నలభై మంది ఆ చెవులు చూస్తారు. చూస్తే మీరు అనుకున్నదే వాళ్ళూ అనుకుంటారు. ఏ తప్పూ చేయని మనిషిని దొంగ అంటారు. టీ దగ్గర ఆడవాళ్ళకి ఈ మాట చెప్పేయండి అత్తయ్యా. నన్ను ఏమన్నా పడతాను.

లౌరి


లివర్‌పూల్
జూన్ 1

లౌరీ,

నీ నుంచి ఇంకో ఉత్తరం వస్తుందేమోనని చూసి, రాకపోయేసరికి ఇక ఊరుకోలేకపోయాను. ఇవాళ పొద్దున మన సంఘ కార్యదర్శి పారీగారికి ఉత్తరం వేశాను. నాలుగు పేజీలు. దాచకుండా అంతా రాశాను. గొర్రెపిల్లల్ని దొంగిలించిన చేతులతో ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరవడం ఏం న్యాయమని అడిగాను. పారీగారు నిదానస్తుడు, నలుగురి ముందూ పెట్టకుండా పెద్దలతో మాట్లాడి తేలుస్తాడు.

పాయసానికి బియ్యం ముందు రోజే కడిగి పెట్టుకో. ఎండుద్రాక్ష మీద మూత పెట్టు, ఇవోర్ తింటాడు.

షోనెడ్


లివర్‌పూల్
జూన్ 5

లౌరీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నాది వెళ్ళిపోయింది. పోస్టాఫీసుకి పరుగెత్తి వెళ్ళి అడిగాను. మూడు రోజుల కిందట వేసిన ఉత్తరం వెనక్కి ఇమ్మంటే వాడు నన్ను ఎగాదిగా చూశాడు.

ఎవరి మీద కోప్పడాలో తెలియడం లేదు. నీ మీద కోప్పడదామంటే నీ ఉత్తరంలో నువ్వే ముందు కోప్పడేశావు.

ఒకటి మాత్రం చెబుతున్నాను. నువ్వు హవోద్‌లస్ వెళ్ళకు. ఇరవై ఒకటిన వంటింట్లోంచి బయటికి రాకు. ఇవోర్ ఎలాగో సర్దుకుంటాడు. ఇంటి కోడలు నలభై మంది మగవాళ్ళ ముందు నిలబడి తప్పు ఒప్పుకోవడం మా అత్తగారి కాలంలో లేదు, నా కాలంలో లేదు. పారీగారికి నేనే మళ్ళీ రాస్తాను, మాటలు దొరికాక.

షోనెడ్


బ్లైన్‌కుమ్
జూన్ 8

అత్తయ్యా,

మీ ఐదో తేదీ ఉత్తరం నిన్న అందింది. వెళ్ళకు అన్నారు. నేను మొన్ననే వెళ్ళొచ్చాను.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. మీరు వెళ్ళాక పారీగారికి జబ్బు చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. మే ఇరవైన సంఘం వాళ్ళు కొత్త కార్యదర్శిని ఎన్నుకున్నారు. కడ్వాలదర్ గారిని. కార్యదర్శి పేరున వచ్చే ఉత్తరాలన్నీ ఇప్పుడు ఆయనకే అందుతాయి. నేను రాయలేదు. రాసి ఉండాల్సింది.

బుధవారం మధ్యాహ్నం పాలసీసా పిల్లని చంకన పెట్టుకుని బయల్దేరాను. నోట మాట రాకపోతే చెవులైనా చూపించవచ్చని. కొండ గేటు దాటి, సరస్సు పక్కగా వెళ్ళే దారిలో ఒక్క మనిషి ఎదురుపడలేదు. ఎదురుపడి ఉంటే వెనక్కి వచ్చేసేదాన్ని. గుమ్మం ముందు నిలబడ్డాను గానీ తలుపు తట్టడానికి ధైర్యం చాలలేదు. పిల్లే అరిచింది.

కడ్వాలదర్ గారే తలుపు తీశారు. ఇంత పొడుగు మనిషి. మందిరంలో ఎప్పుడూ వీపే చూశాను.

"ఇవోర్ పెళ్ళానివి కదూ? కొండ దాటి వచ్చి నా గుమ్మంలో గొర్రెని మాట్లాడిస్తున్నావేం?"

నేను చెవులు పైకెత్తి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఒక చెవి చూశారు, ఇంకో చెవి చూశారు.

"నా గుర్తే. కానీ నేను కోసింది కాదు. నా జన్మలో ఇంత నీటుగా కోయలేదు. ఎవరిదీ చెయ్యి?"

"నాది."

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"రిద్‌వెన్‌లో. మా నాన్న దగ్గర. అక్కడ మా గుర్తూ ఇదే."

ఆయన లోపలికి పిలిచి, బల్ల మీది ఉత్తరం నా చేతిలో పెట్టారు. "చదువు. కొత్త పదవిలో నాకు వచ్చిన మొదటి ఉత్తరం. నా కళ్ళు సరిగ్గా చదివాయో లేదో అనుమానంగా ఉంది" అన్నారు. మీ చేతిరాత చూడగానే గుర్తుపట్టాను అత్తయ్యా. చదవనంటే ఒప్పుకోలేదు. నాలుగు పేజీలూ చదివించారు. నేను చదవడం మామూలుగానే నిదానం. ఆ రోజు ఇంకా నిదానంగా సాగింది. ఒక చోట ఆగిపోయాను.

"ఆగావేం? 'నక్క' అని ఉంది కదా. దాని ముందు ఏదో మాట ఉండాలి."

"ముసలి."

"అది నిజమే. కానియ్."

చదవడం అయ్యాక నేను తప్పంతా నాదేనని చెప్పాను. మీరు నా సగం ఉత్తరం చూసి అలా అనుకున్నారని చెప్పాను. ఆయన మజ్జిగలో బంగాళాదుంపలు వేసి నా ముందు పెట్టారు, తినమన్నారు. తనూ తింటూ అడిగారు: "మీ అత్తగారు నా మీద ఇంత పగ పట్టడానికి నేను చేసింది ఏమిటో చెప్పిందా?"

చెప్పాను. మామగారు పోయిన ఏడు ఆయన కత్తిరింపుకి రాలేదని.

ఆయన చెంచా కింద పెట్టేశారు. "రాలేదా? వచ్చాను. ఇరవై ఒకటిన, తెల్లవారగానే. కత్తెర గోనెలో చుట్టుకుని, ఇద్దరు పనివాళ్ళని వెంటబెట్టుకుని. మీ కొండ గేటు దగ్గరికి వచ్చి చూస్తే గొర్రెలన్నీ కత్తిరించేసి తెల్లగా వాలు మీద మేస్తున్నాయి. నిన్ననే అయిపోయిందన్నారు. లోయ లోయంతటికీ తెలిసింది, నాకొక్కడికే తెలియలేదు. ఆయన పోయాడు, ఇక నాతో పని లేదనుకుంది అనుకున్నాను. గేటు తెరవకుండానే వెనక్కి తిరిగాను" అన్నారు.

కమ్మరి ఓవెన్ కబురు చెప్పలేదా అని అడిగాను. కమ్మరి ఓవెన్ ఆ నెలలో హవోద్‌లస్ వైపే రాలేదట.

ఇది మీకు ఎలా రాయాలో నాకు తెలియలేదు. ఆయన చెప్పినట్టే రాశాను.

బయల్దేరేటప్పుడు ఆయన అన్నారు, "ఇప్పుడు నన్నేం చేయమంటావు? పదకొండేళ్ళు రానివాణ్ణి ఇరవై ఒకటిన వస్తే భయపడి వచ్చాడంటారు. రాకపోతే దొంగ కాబట్టి రాలేదంటారు."

"మీరు రండి. మాట నేను చెబుతాను" అన్నాను.

"నువ్వా? ఏడాదిగా మందిరంలో నీ గొంతు ఒక్కసారి కూడా వినలేదే!"

మాట ఇచ్చాను అత్తయ్యా. ఆ మర్నాడే వంటింట్లోంచి బయటికి రావద్దని మీ ఉత్తరం వచ్చింది. ఏం చేయమంటారో రాయండి.

లౌరి


బ్లైన్‌కుమ్
జూన్ 22

అత్తయ్యా,

రెండు వారాలుగా మీ జాబు లేదు. హ్యూ రోజూ దూరం నుంచే ఖాళీ చేతులు చూపిస్తూ వచ్చాడు, మజ్జిగ మాత్రం తాగి వెళ్ళాడు. మీరు కోపంగా ఉన్నారో, జబ్బు పడ్డారో, పసివాడు ఎలా ఉన్నాడో ఏమీ తెలియదు. అయినా జరిగింది మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

నిన్న ఎండ కాసింది. తెల్లవారకముందే మగవాళ్ళు కుక్కల్ని తీసుకుని కొండ మూడు వైపులా చుట్టారు. ఎనిమిదింటికల్లా గొర్రెలు వాగులా వాలు దిగి దొడ్లో పడ్డాయి. నేను వంటింట్లోనే ఉన్నాను. మాంసం కోశాను, రొట్టెలు కోశాను, కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. కడ్వాలదర్ గారు వచ్చారు. కత్తెర గోనెలో చుట్టుకుని వచ్చి, ఎవరినీ పలకరించకుండా దొడ్డి గోడ పక్కన నిలబడ్డారు. ఎవరూ ఆయన పక్కకి వెళ్ళలేదు.

పిల్లల్ని తల్లుల నుంచి విడదీస్తుంటే మిల్లు రీస్ ఒకదాని చెవి పట్టుకుని ఆగిపోయాడు. "ఇవోర్, ఇలా రా. ఇదేమిటి? తల్లి మీది, పిల్ల..." అన్నాడు. ఇంకో పిల్లని పట్టుకున్నాడు. ఇంకోటి. గోలగా ఉన్న దొడ్డి ఒక్కసారి చప్పబడింది. గొర్రెలు తప్ప ఎవరూ అరవడం లేదు. అందరి తలలూ గోడ వైపు తిరిగాయి. ఆయన కదలలేదు. నేను మీ మాట గుర్తు చేసుకున్నాను. గుర్తు చేసుకుంటూనే బయటికి వచ్చేశాను.

చేతులకి పిండి ఉంది. దొడ్డి గేటు ఎక్కి నిలబడ్డాను. మీ అబ్బాయి చూసి, బెణికిన చేత్తోనే మోట్‌ని పట్టుకుని, "చెప్పు" అన్నారు.

"ఆ చెవులు నేను కోశాను. ఇరవై ఆరూ నేనే కోశాను. మా పుట్టింటి గుర్తు అదే. పొరపాటున మా పుట్టింటి గుర్తు పెట్టాను. కడ్వాలదర్ గారికి ఇందులో ఏమీ తెలియదు" అన్నాను. నేననుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది. ఎదురు కొండ మళ్ళీ ఒకసారి చెప్పింది.

అప్పుడు కమ్మరి వెనక నుంచి అన్నాడు, "ఓర్నీ, ఇవోర్ పెళ్ళానికి నోరుందిరా!"

అందరూ ఒక్కసారి నవ్వారు. మిల్లు రీస్ అయితే పిల్లని వదిలేసి గోడకి ఆనుకుని నవ్వాడు. "మా ఆవిడ పెళ్ళైన కొత్తలో నన్ను వాళ్ళ నాన్న పేరుతో పిలిచింది, ఇది నయం" అన్నాడు. నేను గేటు మీదే కూర్చుండిపోయాను.

కడ్వాలదర్ గారు మధ్యలోకి వచ్చారు. ఒక పిల్లని ఎత్తి, చెవులు అందరికీ చూపించారు.

"ఈ కొండ మీద చెవి ఎవరిదైతే గొర్రె వాళ్ళది. అవునా?"

"అవును" అన్నారు.

"అయితే ఇవి నావి. నావి కాబట్టి ఎవరికి ఇవ్వాలో నా ఇష్టం. ఈ ఇంట్లో పెళ్ళైంది, నేను కానుక ఇవ్వలేదు. ఇరవై ఆరూ ఈ అమ్మాయికి ఇస్తున్నాను. ఇవోర్‌కి కాదు. వాళ్ళమ్మకి అసలే కాదు. కోసిన చేతికి." పిల్లని నా ఒళ్ళో పడేసి, గోనె విప్పి, కత్తెర తీసుకుని వెళ్ళి బల్ల మీద కూర్చున్నారు. మామగారు కూర్చునే చివర ఖాళీగా వదిలి, ఆ పక్కన. సాయంత్రం దాకా అరవై రెండు కత్తిరించారు.

మిమ్మల్ని అడగకుండా ఆయనకి కూడా కంచం పెట్టాను. ముప్పై తొమ్మిది అయ్యాయి. పాయసం రెండోసారి అడిగారు. తప్పైతే నన్ను తిట్టండి. పాయసం పలచన కాలేదు.

మీ మాట దాటాను. అది మాత్రం పొరపాటున కాదు.

లౌరి


లివర్‌పూల్
జూన్ 26

లౌరీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నిలబడి, రెండోసారి కూర్చుని. మూడోసారి మారెద్ లాక్కుని పైకి చదివింది. నక్క ఉన్న ఉత్తరం కూడా వెతికి తీసి చదివింది. దాని నవ్వుకి పసివాడు లేచాడు. అందరం బాగానే ఉన్నాం, జబ్బేమీ లేదు.

రెండు వారాలు రాయనిది నీ మీద కోపంతో కాదు. కడ్వాలదర్ ఆ ఏడు మర్నాడు వచ్చి, గేటు దగ్గర నిలబడి చూసి వెళ్ళాడన్న మాట చదివాక కలం పట్టలేకపోయాను. పదకొండేళ్ళు మోసిన కోపాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. ఈ ఊళ్ళో దానికి చోటు కూడా లేదు, ఇళ్ళన్నీ ఇరుకు. కమ్మరి ఓవెన్ పోయి ఎనిమిదేళ్ళయింది, అతన్ని అడగలేం. హవోద్‌లస్ దారిలో మొదట తగిలేది సారాయి కొట్టు. దానికి నోరుంటే చెప్పేదేమో.

ఆదివారం టీ దగ్గర లేచి నిలబడ్డాను. అదే పదహారు మంది ఆడవాళ్ళు. దొంగ ఎవరూ లేరని, నేను సగం ఉత్తరం చదివి మిగతా సగం నేనే రాసేసుకున్నానని చెప్పాను. అప్పుడు నువ్వు గేటు మీద ఎలా నిలబడ్డావో తలుచుకున్నాను, నా ముందు పదహారు మంది, నీ ముందు ముప్పై తొమ్మిది. కోడలు ఎలా ఉందని ఎవరో అడిగారు. "నాకన్నా నయం" అన్నాను.

నిన్ను వంటింట్లో ఉండమని రాశాను. ఇంకెప్పుడైనా అలా రాస్తే ఆ కాగితం పొయ్యిలో పెట్టు.

ఆ ఇరవై ఆరూ నీవి. వాటి మీద ఇవోర్‌కి గానీ నాకు గానీ మాట లేదు. వాటి చెవులు కనిపించినప్పుడల్లా మొహం ఎలా పెట్టుకోవాలో ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటున్నాను.

మారెద్ లేచి తిరుగుతోంది. శనివారం మూడు గంటల రైల్లో దిగుతాను. ఇవోర్‌ని పంపకు. హవోద్‌లస్ వెళ్ళి, అతని బండి కట్టుకుని స్టేషనుకి రమ్మని చెప్పు. నువ్వు చెబితే వస్తాడు. స్టేషను నుంచి ఇంటికి ఏడు మైళ్ళు. నేను అతనికి ఒక్క మాట చెప్పాలి. అది నోటికి రావడానికే మొదటి ఆరు మైళ్ళూ పడతాయి.

నీ అత్తయ్య
షోనెడ్